సాక్షి సంతకం పెట్టిన హోటలుకు మళ్లీ వెళ్లడం ఎలా?

కోనసీమలో కాలువ ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి 63 ఏళ్ల పాఠకులొకరు, తమ పేరూ ఊరి పేరూ బయటపెట్టవద్దని కోరుతూ, ఆరు పేజీల ఉత్తరం రాశారు. బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన వీరు, వంతెన పక్కనున్న ఒక టిఫిన్ హోటల్లో 36 ఏళ్లుగా పొద్దుటి ఫలహారం చేస్తూ వచ్చారు. గోడవారగా ఉండే బల్ల వీరిదీ, వీరి ముగ్గురు స్నేహితులదీ. ఆ హోటలుకు పేరు తెచ్చింది దిబ్బరొట్టె. యజమానికి మోకాళ్ల నొప్పులు ముదిరి, కొడుకులిద్దరూ హైదరాబాదులో స్థిరపడడంతో, 14 నెలల క్రితం ఆయన హోటలు అమ్మేశారు. కొన్నది అదే ఊరివాడు. కువైట్‌లో ఒక క్యాటరింగ్ వంటశాలలో 11 ఏళ్లు పనిచేసి, కూడబెట్టిన డబ్బుకు కొంత అప్పు జతచేసుకుని వచ్చాడు. అమ్మినవారికి ప్రాణస్నేహితుడు, కొన్నవాడికి తండ్రి తరఫు పరిచయస్థుడు కావడంతో మన పాఠకులే మధ్యవర్తిగా నిలిచారు. పత్రం తమ దస్తూరీతోనే రాశారు, సామాను జాబితా జతపరిచారు, సాక్షి సంతకం పెట్టారు. కొనే మనిషి వెనకాముందూ ఆడుతున్నప్పుడు అతని భుజం తట్టి, "గిరాకీ ఎక్కడికీ పోదు, దానికి నాదీ పూచీ" అన్నారు. పేరుకూ సామానుకూ కలిపి 9 లక్షలు చేతులు మారాయి. భవనం మాత్రం పాత యజమానిదే, నెలకు 25,000 అద్దె.

మొదటి నెలంతా రొట్టె ఎప్పటిలాగే ఉంది. రెండో నెలలో, 22 ఏళ్లుగా రొట్టె వేస్తున్న వంటమాస్టరు మానేసి, మార్కెట్టు వీధి చివర సొంతంగా టిఫిన్ బండి పెట్టుకున్నాడు. హోటల్లో కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టారు, ఇనప మూకుళ్ల స్థానంలో అల్యూమినియంవి వచ్చాయి, రొట్టె పైకి ఎర్రగా కనిపించినా నడుమ పిండి పిండిగా తగులుతోంది. స్నేహితుల్లో ఇద్దరు బండి దగ్గరికి మారిపోయారు, మూడో ఆయన ఇంటిపట్టునే ఉంటున్నారు. కొత్త యజమాని మాత్రం, "బాబాయిగారి దగ్గర డబ్బులేంటండి" అంటూ వీరి దగ్గర బిల్లు తీసుకోవడం మానేశాడు. తిన్నాక అతను "ఎలా ఉందండి?" అని అడగడం, వీరు "బ్రహ్మాండం" అని అబద్ధమాడి రావడం కొన్నాళ్లు సాగాక, వీరు వంతెన వైపు వెళ్లడమే మానుకున్నారు. పాల ప్యాకెట్టుకు కూడా కాలువ అవతలి గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నారట.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం, స్నేహితుల బలవంతం మీద బండి దగ్గరికి వెళ్లి రొట్టె తిన్నారు. పాత రుచే తగిలింది. తింటూ తింటూ పొయ్యి వైపు చూస్తే, ఒక చెవి విరిగిపోయి ఆ చోట ఇనప తీగ చుట్టి ఉన్న మూకుడు కనిపించింది. అది పాతికేళ్లుగా హోటల్లో చూసిన మూకుడే. "పెద్దాయనగారే ఇచ్చారండి, నాలుగూ" అన్నాడు మాస్టరు. సరిగ్గా అప్పుడే కొత్త యజమాని పాలక్యానుతో స్కూటరు మీద అటుగా వచ్చి, వీరిని చూసి ఆగి, "రొట్టె బావుందాండి బాబాయిగారూ?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ గొంతులో వెటకారం లేదనీ, ఉండి ఉంటే తనకు కొంత తేలికగా ఉండేదనీ రాశారు. ఆ హోటలుకు మళ్లీ వెళ్లాలా వద్దా, సాక్షి సంతకం పెట్టినందుకు తన మీద ఏదైనా బాధ్యత ఉందా, మూకుళ్ల సంగతి కొత్త యజమానికి చెప్పాలా అన్నవి వారి మూడు ప్రశ్నలు. "తినే తిండికి ఇంత తర్జనభర్జన ఏమిటి, ఇంట్లో రెండిడ్లీలు తినండి" అన్నది వారి శ్రీమతి గారి అభిప్రాయం.

అయ్యా, మీ శ్రీమతి గారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజముంది. మీ ఇబ్బంది నాలుకకు సంబంధించినదే అయితే ఎప్పుడో తీరిపోయేది. రొట్టె మార్కెట్టు వీధిలో దొరుకుతోంది, మీకు నడిచే ఓపిక ఉంది, స్నేహితులూ అక్కడే ఉన్నారు. అయినా మీరు పాల ప్యాకెట్టుకు చుట్టు తిరుగుతున్నారంటే కారణం రొట్టె కాదు. మీ ఉత్తరంలో "పూచీ" అనే మాట ఐదు చోట్ల వచ్చింది, నేను లెక్కపెట్టాను.

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. సాక్షి సంతకం పెట్టిన మనిషి, ఫలానావారు నా ఎదుట ఈ పత్రం మీద సంతకం చేశారని మాత్రమే చెబుతాడు; అందులోని షరతులు నెరవేరతాయని గానీ, వ్యాపారం లాభాల్లో నడుస్తుందని గానీ మాట ఇచ్చినవాడు కాడు. హామీదారుగా మీరు విడిగా సంతకం పెట్టలేదని రాశారు. గిరాకీ పోదని మీరు నోటితో చెప్పింది ఊరి మీద మీకున్న అంచనా, ఎవరి బాకీకో పడిన జామీను కాదు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి. ఇక ఒక మనిషి తన సంపాదనంతా తెచ్చి పెడుతున్న గడియలో భుజం తట్టి చెప్పిన మాటకు బరువు ఉండదా అంటే, ఉంటుంది. మీకు నిద్ర పట్టనిది దాని గురించే. కానీ ఆ బరువు ఎంతో సరిగ్గా తూచుకోవాలి.

దాన్ని తూచడానికి రొట్టె దగ్గరికే వెళ్లాలి. ఒక పాలు మినప్పప్పుకు రెండు పాళ్లు బియ్యపు రవ్వ కలిపిన పిండిలో జీలకర్ర వేసి, నూనె కాగిన మందపాటి ఇనప మూకుట్లో రెండు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయడం మీరు కొన్ని వందల సార్లు చూసి ఉంటారు. మీ హోటల్లో కింద కట్టెల సెగ, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు ఉండేవని రాశారు. కింది సెగ అడుగున ఎర్రని పెచ్చు కడుతుంది. పై నిప్పులు నడుమనున్న పిండిని గుల్లగా ఉడికిస్తూ పైభాగాన్ని కూడా కాలుస్తాయి. గ్యాసు పొయ్యికి కింది మంట ఒక్కటే ఉంటుంది. అల్యూమినియం తొందరగా కాగుతుంది, అడుగు తొందరగా ఎర్రబడుతుంది, అది చూసి దింపేస్తారు, నడుమ పచ్చి మిగులుతుంది. మీరు "పిండి పిండిగా" అన్నది అదే. ఇనప మూకుడికి మరో గుణం కూడా ఉంది. ఏళ్ల తరబడి నూనె కాగి కాగి దాని లోపల నల్లని నున్నని పొర ఏర్పడుతుంది, దాని వల్లే రొట్టె అంటుకోకుండా పెచ్చుతో సహా ఊడి వస్తుంది. కొత్త మూకుడు కొని తెచ్చి, గంజి కాచి, నూనె రాసి ఎంత మచ్చిక చేసినా ఆ పొర నెలల మాట. చెవి విరిగిన మూకుడిని ఇనప తీగ చుట్టి మరీ ఇన్నేళ్లు ఎందుకు వాడారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు క్యాషియరు కళ్లద్దాలు పెట్టుకోండి. ఒక రొట్టె కాలడానికి పాతిక నిమిషాలు పడుతుంది. అదే పొయ్యి మీద, మూడేసి నిమిషాల చొప్పున, ఆ సమయంలో ఎనిమిది పెసరట్లు తీయవచ్చు. రొట్టె 60 రూపాయలనీ పెసరట్టు 45 అనీ మీరే రాశారు. అంటే ఒక పొయ్యిని పాతిక నిమిషాలు రొట్టెకు అప్పగిస్తే 60 రూపాయల అమ్మకం, పెసరట్టుకు అప్పగిస్తే 360 రూపాయల అమ్మకం. పాత యజమానికి సొంత భవనం, అప్పు లేదు, ఆ రొట్టె పేరు మీదే నలుగురు వస్తారు గనక ఆయన ఆ తేడాను భరించగలిగారు. కొత్త మనిషి తెల్లవారి షట్టరు ఎత్తేసరికే అద్దె కింద రోజుకు 830 రూపాయల పైచిలుకు బాకీపడి ఉంటాడు. ప్లేటుకు 10 రూపాయలు మిగులుతాయనుకున్నా మొదటి 83 ప్లేట్లు అద్దెకే పోతాయి. అప్పు మీద వడ్డీ దాని తర్వాత. మీకు తగ్గినట్టు తోస్తున్న రుచిలో కొంత భాగం, ఒక రకంగా, ప్రతి నెలా మీ స్నేహితుడి చేతికి అద్దెగా వెళుతోంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కువైట్ వంటశాలలో అతను నేర్చినది వందల మందికి ఒకే వేళకు వడ్డించగల నేర్పు. ఒక్క మూకుడు ముందు పాతిక నిమిషాలు నిలబడే ఓర్పు అక్కడ ఎవరూ అడిగి ఉండరు.

మరి మీ పొరపాటు ఏదీ లేదా అంటే, ఒకటి ఉందని నాకు తోస్తోంది, అది మీరు అనుకుంటున్నది కాదు. హైదరాబాదులోని నీలోఫర్ కేఫ్‌లో పనివాడిగా చేరిన బాబూరావు గారు కొన్నేళ్లకు ఆ కేఫ్‌కే యజమాని అయ్యారు. అలాంటి చోట పత్రం మీద పేరు మారినా చేయి మారదు. మీ ఊళ్లో పేరు ఒకరికి, చేయి మరొకరికి వెళ్లాయి. మీరు రాసిన జాబితాలో గరిటెలు, గంగాళాలు, బల్లలు, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయి. రొట్టె వేసే మనిషి ఉంటాడా పోతాడా అన్న ప్రశ్న మాత్రం ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మాస్టరుతో ఒక ఏడాదికి మాట్లాడుకుని, జీతం కాస్త పెంచి ఉంచుకోవలసిందని కొన్నవాడికి చెప్పడం మధ్యవర్తి చేయదగిన పని. అయితే 11 ఏళ్లు వంటశాలలో పనిచేసిన మనిషికి కూడా ఆ ప్రశ్న తట్టి ఉండవలసింది కదా. కాబట్టి మూడింట ఒక వంతు మీ వాటాగా రాసుకోండి, మొత్తం నెత్తికెత్తుకోకండి.

మాస్టరు చేసింది ద్రోహం కాదు. అతను అమ్మినదేమీ లేదు, ఎవరికీ మాట ఇచ్చినదీ లేదు, తన చేతి పనిని తనతో తీసుకుపోయాడు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, వ్యాపారం పేరు ప్రతిష్ఠలతో సహా అమ్మిన యజమాని, సమంజసమైన హద్దుల లోపల అదే వ్యాపారం చేయనని రాసి ఇస్తే అది చెల్లుతుంది. జీతానికి పనిచేసి మానేసిన మనిషిని ఆ విధంగా కట్టడి చేయడం కుదరదు. మీ పత్రంలో పాత యజమాని పేరున అలాంటి షరతు ఉందో లేదో మీరు రాయలేదు. బండికి పెట్టుబడి ఆయనే పెట్టారన్నది మీ చెవిన పడ్డ మాట మాత్రమే అన్నారు గనక దాన్ని అక్కడే వదిలేయండి. మధ్యవర్తి నోటి వెంట వచ్చిన వినికిడి మాట ఊళ్లో సాక్ష్యం అయి కూర్చుంటుంది.

ఇక మూకుళ్లు. ఇక్కడ మీరు ఒక పని చేయకుండా వదిలేశారు. సామాను జాబితా నకలు మీ బీరువాలో ఉందని రాశారు గానీ, అందులో మూకుళ్ల గురించి ఏముందో రాయలేదు. మరిచిపోయారో, చూడడానికి బెరుకు కలిగిందో మీకే తెలియాలి. "ఇనప మూకుళ్లు 4" అని విడిగా ఉన్నా, "వంట సామాను యావత్తు" అని గంపగుత్తగా ఉన్నా, అవి ఆ రోజుతో కొన్నవాడి సొత్తు. 22 ఏళ్ల చాకిరీకి గుర్తుగా ఎంత ప్రేమతో ఇచ్చినా, పాత యజమాని అయిన మీ స్నేహితుడు తనవి కాని వస్తువులు బహుమానం చేసినట్టే. జాబితాలో లేవంటే, ఆ గంపగుత్త మాట కూడా లేదంటే, మీరు మోస్తున్న రహస్యమే లేదు.

అంతకు మించి మరో సంగతి ఉంది. మొదటి నెలంతా రొట్టె ఎప్పటిలాగే ఉందన్నారు. అంటే అమ్మకం జరిగాక కూడా ఆ మూకుళ్లు హోటలు పొయ్యి మీదే ఉన్నాయి. నాలుగు పెద్ద ఇనప మూకుళ్లు యజమాని కంటపడకుండా బయటికి వెళ్లడం అంత తేలిక కాదు. కట్టెల పొయ్యి తీసేసిన రోజున అతనే, ఈ పాత ఇనుము నాకెందుకండీ అని పెద్దాయనకు పంపేసి ఉండవచ్చు. ఆయన వాటిని మాస్టరుకు ఇచ్చి ఉండవచ్చు. మూకుళ్ల సంగతి అతనికి తెలియదని మీరు అనుకుంటున్నారు గానీ, తెలియదని మీకు ఎవరూ చెప్పలేదు. ఆ ఆదివారం అతను బండి దగ్గర ఆగినప్పుడు తీగ చుట్టిన ఆ మూకుడు మీకు కనిపించినట్టే అతనికీ కనిపించి ఉంటుంది కదా.

కాబట్టి ముందు మాట్లాడవలసింది హోటలు అమ్మిన మీ స్నేహితుడితో. నిలదీయడానికి వెళ్లకండి, తెలుసుకోవడానికి వెళ్లండి. మూకుళ్లు బండి దగ్గర చూశాను, ఎలా వచ్చాయి అని అడగండి చాలు. అతనే తిరిగి ఇచ్చాడంటే కథ ముగిసింది. చెప్పకుండా తెప్పించి ఇచ్చానంటే, ఆయన ముందు రెండు మూడు దారులు ఉన్నాయి. ఆయనే వెళ్లి చెప్పవచ్చు. నాలుగింటిలో రెండు తిరిగి ఇప్పించవచ్చు. మాస్టరు పొట్ట కొట్టడం ఇష్టం లేకపోతే ఒక నెల అద్దెలో తగ్గించుకుని లెక్క సరిచేయవచ్చు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది ఆయన ఇష్టం. ఆయన ఏదీ ఒప్పుకోక కోపగించుకుంటే, అప్పుడు నిర్ణయం మీది. మీరు మౌనంగా ఉండిపోతే స్నేహం నిలుస్తుంది గానీ, ఆ హోటల్లో కూర్చున్న ప్రతిసారీ ఆ నాలుగు మూకుళ్లు మీ గొంతుకు అడ్డం పడతాయి, కొన్నాళ్లకు మళ్లీ అవతలి గట్టు మీదికే చేరతారు. చెబితే, కొన్ని నెలలపాటు మీ స్నేహితుడి అరుగు మీద మీకు చోటు ఉండకపోవచ్చు. నా మొగ్గు చెప్పడం వైపే, అది కూడా మీ వాటా మేరకే. జాబితా రాసింది నేను, అందులో ఇవి ఉన్నాయి, ఇప్పుడు ఫలానా చోట చూశాను అనడం వరకు మీ హక్కు. ఎవరు ఎందుకు ఇచ్చారన్నది మీ నోట రానక్కరలేదు.

హోటలుకు తిరిగి వెళ్లడం గురించి. మీరు పాత పద్ధతిలోనే వెళ్లి, ఉచితంగా తిని, "బ్రహ్మాండం" అని రావచ్చు. అది చూడడానికి మర్యాదగానే ఉంటుంది గానీ అందరికంటే ఎక్కువ నష్టం చేసేది అదేనని నా అభిప్రాయం. 36 ఏళ్లు ఆ రొట్టె తిన్న మనిషి బాగుందంటే బాగుందనే అతను నమ్ముతాడు; మరోవైపు బల్లలు ఖాళీ అవుతుంటే కారణం అంతుబట్టక ధర తగ్గించడమో, పిండిలో మినప్పప్పు తగ్గించడమో చేస్తాడు. లేదా మీరు పూర్తిగా మానేసి బండికే వెళ్లవచ్చు. తప్పేమీ లేదు, ఊళ్లో సగం మంది చేస్తున్నదే. కానీ మీరు ఆ ఊళ్లో సగం మంది లాంటివారు కారు, భుజం తట్టినవారు. మీరు మొహం చాటేయడాన్ని అతను రొట్టె మీద తీర్పుగా కాక తన మీద తీర్పుగా తీసుకుంటాడు. "రొట్టె బావుందాండి" అన్న ఆ ప్రశ్న నాకు అలాగే వినిపించింది. అందులో వెటకారం లేదని మీరు సరిగానే గుర్తించారు. నిజమైన జవాబు ఒక్కటైనా మీ నుంచి వస్తుందేమోనని అతను అడిగి ఉంటాడు.

మిగిలింది, వెళ్లి మాట్లాడడం. దీనికి ముందు షరతు ఒకటుంది. ఆ రోజు మొదలు బిల్లు కట్టండి. గల్లా దగ్గర అతని భార్య కూర్చుంటుందని రాశారు కదా, అతను వంటింట్లో ఉండగా ఆవిడ చేతికే డబ్బిచ్చి, తీసుకోకపోతే రేపటి నుంచి రానమ్మా అనండి. ఉచితంగా తిన్న ప్లేటు మనిషి నోరు కట్టేస్తుంది. మీ "బ్రహ్మాండం" వెనక ఉన్నది సగం ఆ మొహమాటమే. పొద్దుటి రద్దీలో వెళ్లకండి. పదిన్నర దాటాక, బల్లలు తుడిచి మధ్యాహ్నపు పని అందుకునే లోపల వంటవాళ్లకు ఒక అరగంట ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది, అప్పుడు వెళ్లండి.

వెళ్లి ముందు కాఫీ తాగండి. మీ మూడో పేజీ చివర, గబగబా దాటేసిన వాక్యం ఒకటి ఉంది: కాఫీ మాత్రం ఇదివరకటి కంటే బాగుంటోందని. పాలు పొద్దున్నే తనే వెళ్లి తెచ్చుకుంటాడనీ, డికాక్షను పూటపూటా కొత్తగా తీస్తాడనీ కూడా రాశారు. ఈ మాట 14 నెలల్లో ఒక్కసారైనా అతనితో అన్నారా? అది మెప్పుకోలు కాదు, ఉన్న నిజం. దానితో మొదలుపెడితే రొట్టె గురించి చెప్పబోయేది కూడా నిజమేనని అతనికి తెలుస్తుంది. అప్పుడు రొట్టె గురించి, రుచి పోయిందని కాకుండా, నడుమ పచ్చిగా ఉంటోంది, పైన నిప్పులు లేవు, మూకుడు పలచన అని ముక్కకు ముక్కగా చెప్పండి. రుచి పోయిందన్న మాటకు వంటవాడి దగ్గర జవాబు ఉండదు, పైన నిప్పులు లేవన్న మాటకు ఉంటుంది.

అతను ఒప్పుకుంటే, ఆదివారం ఒక్కపూట పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి, ముందు రోజే చెప్పినవారికి మాత్రమే రొట్టె వేసి, 60 బదులు 90 పెట్టి చూడమనండి. అప్పుడు లెక్క పూర్తిగా గిట్టుబాటు కాకపోయినా నష్టం వారానికి ఒక పూటకు పరిమితమవుతుంది, కొబ్బరి చిప్పలకు మీ కోనసీమలో కరువు లేదు. ఒప్పుకోకపోవచ్చు కూడా. "రొట్టె వద్దండి బాబాయిగారూ, పెసరట్టు మీదే నడుపుకుంటాం" అని బోర్డు మీద నుంచి దాన్ని తుడిచేయవచ్చు. అది అతని హోటలు, అతని హక్కు. అప్పుడు మీకు రొట్టె లేని హోటలు ఒకటి, హోటలు లేని రొట్టె ఒకటి మిగులుతాయి. రెండు చోట్లా దాపరికం లేకుండా కూర్చోగలిగితే అది మరీ పెద్ద నష్టమని నేను అనుకోను. ఆదివారం బండి దగ్గర తిని, మిగతా రోజులు వంతెన దగ్గర కాఫీ తాగుతానని ఇద్దరితోనూ చెప్పేయండి. అతని కంట పడకుండా తినాలనుకున్నంత కాలం మీకు ఆ రొట్టె కూడా సయించదు.

మాస్టరునూ కొత్త యజమానినీ కలిపి, హోటలుకు రొట్టెలు బండి నుంచే వచ్చేలా ఏర్పాటు చేయవచ్చా అని మీరు చివర్లో అడిగారు. ఆలోచన చెడ్డది కాదు, ఇద్దరికీ లాభమే కావచ్చు. కానీ వారిలో ఒకరైనా నోరు తెరిచి మిమ్మల్ని అడిగేవరకు ఆ పనికి పూనుకోకండి. ఒకసారి మధ్యవర్తిగా కూర్చున్నందుకే ఇన్ని నెలలు అవతలి గట్టున నడిచారు.

మధ్యవర్తిగా మీరు తప్పక చెప్పవలసినది మాత్రం వేరే ఒకటి ఉంది. హోటలు గోడ మీద ఇప్పటికీ పాత యజమాని పేరున్న ఆహార భద్రత లైసెన్సే వేలాడుతోందని యథాలాపంగా రాశారు. హోటలు అమ్మకంతో పాటు ఆ 14 అంకెల లైసెన్సు కొత్తవారి పేరుకు దానంతట అది మారిపోదు. అతను తన పేరున తీసుకోవాలి. బండికి కూడా రిజిస్ట్రేషను ఉండాలి, ఆ ముక్క మాస్టరు చెవిన వేయండి. రేపు తనిఖీకి ఎవరైనా వస్తే ఇబ్బంది పడేది వారు, మధ్యలో పేరు వినిపించేది మీ స్నేహితులది.

మీ బల్ల స్నేహితుల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. బండి దగ్గర నిలబడి తినేవారికి కబుర్లు పావుగంటకు మించి సాగవు, మోకాళ్లు ఒప్పుకోవు. ఇంటిపట్టునే ఉంటున్న మూడో ఆయనను ఒక రోజు పదిన్నరకు కాఫీకి రమ్మని పిలవండి, గోడవార బల్ల ఆ వేళకు ఖాళీగానే ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు, ఈ పత్రిక పక్కన పెట్టి బీరువా తెరిచి ఆ జాబితా చదవండి. మూకుళ్ల దగ్గర మీ చేత్తో మీరు ఏమి రాశారో చూశాక, వీలు చూసుకుని నాకు ఒక కార్డు ముక్క రాయండి.